పెరట్లో ఈతకొలను



మా చెల్లెలూ మరిదీ అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో బేకర్స్‌ఫీల్డ్ అనే వూళ్ళో వుంటున్నారు. మూడేళ్ళ క్రితం అక్కడ ఓ పాత ఇల్లు కొన్నారు. ఫోనులో చెబుతూ, "మూడు పడగ్గదులక్కా, వంటిల్లు విశాలంగా వుంది, నిమ్మచెట్టుంది, పెరట్లో స్విమ్మింగ్‌పూల్ కూడా వుంది" అంది. ఆ చివరిమాట దగ్గర దాని గొంతు కాస్త తగ్గింది. నేను పట్టించుకోలేదు. సినిమాల్లో చూసే నీలంరంగు నీళ్ళూ, గొడుగు కింద కుర్చీలూ నా కళ్ళముందు మెదిలాయి. ఆ వేసవిలో నేను వెళ్ళి చూద్దును గదా, పాడుబడ్డ గుడి ముందు కోనేరు ఎలా వుంటుందో అలా వుంది!

ఇల్లు 1950ల్లో కట్టినదట. పాత యజమాని పోయాక ఏడాదిన్నర తాళం పడింది. కరెంటు తీసేశారు, పంపు ఆగిపోయింది. పంపు ఆగితే ఇక అంతే సంగతులు. కదలని నీళ్ళు, మాడ్చే ఎండ, రాలిన ఆకులు. ఈ మూడూ కలిస్తే నీళ్ళు పచ్చబడడానికి వారం పదిరోజులు చాలు. దీనికేమో ఏడాదిన్నర వ్యవధి దొరికింది. పాచి పేరుకుపోయి అడుగు కనబడదు. ఓ ప్లాస్టిక్ కుర్చీ సగం మునిగి వుంది. సాయంత్రమైతే దోమల రొద, పెరటి తలుపు తియ్యడానికి లేదు.

"పూడ్పించేసి గులాబీలు వేద్దాం వదినా" అన్నాడు మా మరిది. పిల్లలు ముచ్చట పడుతున్నారని చెల్లెలు. పూడ్చాలన్నా ఖర్చే. వూరికే మట్టి పోస్తే కుదరదు, అడుగున బెజ్జాలు కొట్టాలి. లేకపోతే పెద్ద తొట్టిలో నిలిచినట్టు వాననీరు అందులోనే నిలిచిపోతుంది. దానికి అనుమతి కాగితాలొకటి. వీళ్ళిలా తర్జనభర్జన పడుతూ వుండగానే దోమల నివారణ శాఖ మనిషి వచ్చి తలుపు తట్టాడు.

అతని చేతిలో పొడుగు కాడ వున్న గరిటె. మనం కాగులోంచి పులుసు తీసినట్టు ఒక్క గరిటెడు నీళ్ళు ముంచి చూపించాడు. అందులో వంకర్లు తిరుగుతూ ఎన్ని దోమపురుగులో! "ఇవి మీ ఇంట్లోనే వుండవు కదమ్మా, రెక్కలొస్తే వీధంతా పోతాయి" అన్నాడు. కోప్పడలేదు, జరిమానా మాట ఎత్తలేదు. బాగుచేయించుకునే దాకా ఇవి కాపలా వుంటాయంటూ బకెట్టులో తెచ్చిన చిన్నచిన్న చేపలు వదిలిపెట్టాడు. పేరేమిటని అడిగితే గంబూసియా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన మునిసిపాలిటీ వాళ్ళు నూతుల్లో, చెరువుల్లో వదిలే చేపలే ఇవి. వీటి పుట్టిల్లు అమెరికా దక్షిణప్రాంతం. 1922లో కాలిఫోర్నియాకీ, 1928లో మన దేశానికీ వచ్చాయి. చెరువుల్లో మన చేపల గుడ్లనూ పిల్లలనూ కూడా తినేస్తాయని వీటి మీద ఫిర్యాదులున్నాయి లెండి. నాలుగు గోడల గచ్చుతొట్టిలో మాత్రం ఎవరికీ అన్యాయం చెయ్యవు.

ఒక ఇంటి పెరటి నీళ్ళకి ఇంత పట్టింపు ఎందుకా అనుకున్నాను. ఆ వూరు ఒకసారి దెబ్బతిన్నది, అదీ కారణం. అది 2007వ సంవత్సరం. అంతకు ముందు కొన్నేళ్ళు ఇళ్ళ ధరలు పెరుగుతూనే వుంటాయన్న ధీమాతో జనం అప్పులు చేశారు. మొదట వడ్డీ తక్కువ, కొన్నాళ్ళకి పెరిగే రకం అప్పులు. వడ్డీ పెరిగింది, ఇంటి ధర పడిపోయింది. బేకర్స్‌ఫీల్డులో వాయిదాలు తప్పినవాళ్ళకి వెళ్ళే నోటీసులు 300 శాతం పెరిగాయట. ఇళ్ళు వదులుకుని పోయినవాళ్ళు ఎందరో. ఇల్లు ఖాళీ అయితే కరెంటు పోతుంది, కరెంటు పోతే పంపు ఆగుతుంది, తర్వాత సంగతి మీకు చెప్పనే చెప్పాను. విమానంలోంచి ఫొటోలు తీసి చూస్తే, కనబడిన కొలనుల్లో సుమారు 17 శాతం పచ్చగా వున్నాయి. ఆ వేసవిలో అక్కడ వెస్ట్ నైల్ జ్వరం సోకిన మనుషుల సంఖ్య 276 శాతం పెరిగింది. 2008లో పరిశోధకులు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి అచ్చు వేశారు. బాంకు అప్పు కాగితానికీ, పక్కవీధిలో ముసలాయన మెదడువాపుకీ సంబంధం వుంటుందని ఎవరనుకుంటారు చెప్పండి?

ఈ జ్వరం కలిగించే క్రిమిని మొట్టమొదట 1937లో ఉగాండాలో, వెస్ట్ నైల్ అనే జిల్లాలో కనుక్కున్నారు. అందుకే ఆ పేరు. 1999లో న్యూయార్కుకీ, 2003లో కాలిఫోర్నియాకీ చేరింది. అది పక్షుల్లో వుంటుంది. పక్షిని కుట్టిన దోమ మనిషిని కుడితే మనిషికి వస్తుంది. చాలామందికి ఏమీ తెలియకుండానే పోతుంది. కొద్దిమందికి మాత్రం మెదడుదాకా వెళుతుంది. అక్కడి పచ్చ కొలనుల్లో పుట్టే దోమజాతుల్లో ఒకటి మనకి కొత్తదేం కాదు, మన కోస్తా జిల్లాల్లో బోదకాలు వ్యాపింపజేసిన క్యూలెక్స్ దోమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దొరగారు మలేరియా క్రిమిని చూసింది వేరే జాతి దోమలో. కానీ నిలవనీరు దగ్గరకొచ్చేసరికి రెండూ అక్కాచెల్లెళ్ళే.

ఇదంతా విన్నాక మా మరిది గులాబీల మాట మానేశాడు. అలాగే వదిలెయ్యడానికి వీల్లేదని తేలిపోయింది కనుక, ఖర్చు పెట్టేదేదో బాగుచెయ్యడానికే పెడదామన్నాడు. కారు మార్చడం రెండేళ్ళు వాయిదా పడింది.

మన ఇళ్ళల్లో వేసవిలో నూయి పూడిక తీయించినట్టే మొదలైంది పని. చేపల్ని జాగ్రత్తగా వలతో పట్టి బకెట్లలో పోసి ఆ శాఖ వాళ్ళకే అప్పగించారు. మోటారు పెట్టి నీళ్ళు తోడారు. సుమారు 75 వేల లీటర్లు. వీధి కాలవలోకి వదలకూడదు, ఇంటి మురుగుగొట్టంలోకే వదలాలి. తొందరపడి ఖాళీ చెయ్యడం కూడా ప్రమాదమేనట. భూమిలో నీటిమట్టం పైకి వుంటే, ఖాళీ కొలను పడవలాగా తేలి పైకి లేస్తుంది. అంత గచ్చు కట్టడమూ పగిలి వూరుకుంటుంది. అందుకే అడుగున ఓ చిన్న మూత పెడతారు, కింది నీటి వత్తిడి అందులోంచి పోవడానికి. బేకర్స్‌ఫీల్డులో భూజలం బాగా లోతు కనుక ఆ భయం లేదన్నాడు మేస్త్రీ. అయినా మూత తీసి చూసుకునిగానీ మోటారు వెయ్యలేదు. పనివాడంటే అలా వుండాలి.

నీళ్ళు తోడుతున్న రోజున పక్కింటి ఆవిడ వచ్చి గట్టు మీద కూచుంది. ఎనభై దాటిన మనిషి. నల్లజాతి ఆవిడ, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైంది. నాది పదోతరగతి ఇంగ్లీషు, చెల్లెలు మధ్యలో కూచుని చెబుతూంటే ఇద్దరం మాట్లాడుకున్నాం. తగ్గిపోతున్న నీళ్ళకేసి చూస్తూ ఆవిడ, "మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళు ఈత కొట్టిన ప్రతిసారీ కొలను ఇలాగే ఖాళీ చేసేవాళ్ళట" అంది. శుభ్రం కోసం కాబోలనుకున్నాను. కొలను నీటిని వడకట్టి మందువేసి మళ్ళీ వాడుకోవడం ఈ వందేళ్ళ నాటి విద్య. అంతకు ముందు ఎక్కడైనా ఖాళీ చేసి నింపుకోవడమే. మొహెంజొదారోలో 1925-26లో తవ్వి తీసిన మహాస్నానవాటిక వుంది చూశారూ, నాలుగున్నర వేల ఏళ్ళ నాటిది, 12 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు, మనిషి లోతు పైన. నీరు ఇంకిపోకుండా ఇటుకల వెనక తారు పూశారు. పక్కగదిలో నుయ్యి, ఓ మూల నీళ్ళు బయటికి పోవడానికి మనిషి నిలబడేంత ఎత్తు కాలవ. మన నాగార్జునకొండలో 1954-60 మధ్య తవ్వితే ఇక్ష్వాకుల కాలపు మెట్ల స్నానఘట్టాలు బయటపడ్డాయి. ఇంగ్లండులో 1846 చట్టం తర్వాత వూరూరా స్నానశాలలు కట్టి, నీళ్ళు మార్చిన రోజున టిక్కెట్టు ఎక్కువ, నీళ్ళు మురికవుతున్న కొద్దీ తక్కువ పెట్టేవారు. అదీ ఒక రకం న్యాయమే అనుకోండి.

కానీ ఆవిడ చెప్పింది ఆ సంగతి కాదు. వాళ్ళమ్మది పాసడీనా. బేకర్స్‌ఫీల్డుకి దక్షిణంగా నూరుమైళ్ళ పైచిలుకు. అక్కడి పార్కులో 1914లో వూరి డబ్బుతో పెద్ద ఈతకొలను కట్టారు. వూరందరి పన్నులూ అందులో వున్నాయి. కానీ నల్లవాళ్ళకీ, మెక్సికో వాళ్ళకీ, ఆసియా వాళ్ళకీ వారానికి ఒక్కరోజే ప్రవేశం. 1930ల్లో అది మంగళవారం. దానికి 'అంతర్జాతీయ దినం' అని గౌరవమైన పేరు కూడా పెట్టారు. ఆ రాత్రి నీళ్ళన్నీ వదిలేసి, తొట్టి కడిగి, మర్నాడు తెల్లవాళ్ళకోసం కొత్తనీళ్ళు నింపేవారు. బేస్‌బాల్ ఆటలో గొప్ప పేరు తెచ్చుకున్న జాకీ రాబిన్సన్ అని ఒకాయన వున్నాడు. ఆయన పెరిగిన వూరూ అదే, ఆయనకీ మంగళవారమే. మనవాళ్ళెవరైనా ఆ రోజుల్లో అక్కడికి వెళ్ళి వుంటే మనకీ మంగళవారమే.

మనకి ఈ కథ కొత్త కాదు కదూ. మహారాష్ట్రలో మహద్ అనే వూళ్ళో 1927 మార్చి 20న అంబేద్కర్ గారు వేలమందితో నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ప్రభుత్వం అందరికీ హక్కు వుందన్న చెరువే అది. తర్వాత పెద్దకులాల వాళ్ళు ఆ చెరువులోంచి 108 కుండల నీళ్ళు తోడి, పంచగవ్యం కలిపి మంత్రాలు చదివి తిరిగి పోసి, మైల పోయిందన్నారు. పశువులు తాగితే రాని మైల మనిషి తాగితే వచ్చింది. మహద్‌లో చెరువుని శుద్ధిచేశారు, పాసడీనాలో కొలను ఖాళీ చేశారు. వాళ్ళెవరో వీళ్ళెవరో, మధ్యన ఇన్ని సముద్రాలు, బుద్ధి మాత్రం ఒక్కటే.

రెండుచోట్లా కోర్టుల కెక్కారు. మహద్ చెరువు అందరిదీ అని 1937లో బొంబాయి హైకోర్టు చెప్పింది. పాసడీనాలో నల్లవాళ్ళు 1939లో కోర్టుకెళ్ళి, చివరికి గెలిచారు. గెలిస్తే వూరి పెద్దలు చేసిందేమిటంటారా? అందరికీ తెరవడం కంటే ఎవరికీ లేకుండా మూసెయ్యడం మేలనుకుని కొలనుకి తాళం వేశారు. 1947కి గానీ మళ్ళీ అందరికీ తెరవలేదు. అక్కడికి దగ్గర్లోనే శాన్ బెర్నార్డినోలో మెక్సికన్ కుటుంబాలవాళ్ళు కూడా ఇలాంటి కేసే వేసి 1944లో గెలిచారు.

సరిగ్గా ఆ తర్వాతనే, అంటే 1940ల చివరా 1950ల్లోనూ, అమెరికాలో పెరటి కొలనులు పుట్టుకొచ్చాయి. వూరి కొలనులు అందరికీ తెరుచుకుంటున్న కొద్దీ, డబ్బున్న తెల్లవాళ్ళు సొంత కొలనులకీ క్లబ్బు కొలనులకీ మారిపోయారని జెఫ్ విల్ట్‌సీ అనే చరిత్రకారుడు వూళ్ళవారీగా పరిశోధించి 2007లో పుస్తకమే రాశాడు. అదొక్కటే కారణమని నేననను. యుద్ధం ముగిసింది, చేతిలో డబ్బాడింది, వూరిచివర విశాలమైన స్థలాల్లో ఇళ్ళు లేచాయి. కొలను కట్టడమూ చవకైంది. దాని వెనక ఓ తమాషా కథ వుంది. షికాగో మ్యూజియంలో కార్ల్ ఏక్లీ అని, చనిపోయిన జంతువుల చర్మాలతో బొమ్మలు నిలబెట్టే కళాకారుడుండేవాడు. ఏనుగుల్ని కూడా నిలబెట్టాడు. మ్యూజియం గోడలు పెచ్చులూడుతుంటే 1907లో ఆయన ఓ యంత్రం చేశాడు. సిమెంటూ ఇసకా పొడిగానే గాలివత్తిడితో గొట్టంలోంచి వస్తాయి, గొట్టం చివర నీళ్ళు కలుస్తాయి, గోడ మీద పిచికారీ కొట్టినట్టు పడి గట్టిపడుతుంది. తర్వాత కాలిఫోర్నియావాళ్ళు దీన్ని కొలనులకి పట్టారు. గొయ్యి తవ్వడం, ఇనపచువ్వలు అల్లడం, పిచికారీ కొట్టడం. చెక్కలు బిగించి పోత పోసే శ్రమ తప్పింది, ఏ వంపు కావాలంటే ఆ వంపు వచ్చింది. 1948లో థామస్ చర్చ్ అనే ఆయన సొనోమా ప్రాంతంలో ఒక ఇంటికి చిక్కుడుగింజ ఆకారంలో వేసిన కొలను చాలా పేరుపొందింది. దాన్ని చూసి ఎందరో వాతలు పెట్టుకున్నారు. మా చెల్లెలింటి కొలను కూడా చిక్కుడుగింజే! నీళ్ళు తోడాకగానీ ఆ సంగతి మాకు తెలియలేదు.

అడుగున మూరెడు బురద. తట్టల్లో ఎత్తి పోశారు. పాత గచ్చుని ఆసిడ్‌తో కడిగారు. ఇక్కడ ఆగి ఒక్కమాట చెప్పాలి. బాత్‌రూము కడిగే ఆసిడ్‌నూ, బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ కలపకండి, ఒకదాని వెంట ఒకటి పొయ్యకండి. విషవాయువు పుడుతుంది. మేస్త్రీ ఆ రెంటినీ పెరట్లో చెరో మూలా పెట్టాడు, ఒక చెంబు కూడా మార్చి వాడనివ్వలేదు. గోడలో రెండు బీటలుంటే తొలిచి పూడ్చాడు. పైన తెల్ల సిమెంటులో పాలరాతిపొడి కలిపి పూత పూశాడు. చూస్తూంటే మా తాతగారింట్లో డంగుసున్నం నూరి పూసిన గోడ గుర్తొచ్చింది, చేత్తో రాస్తే అంత నున్నగా వుండేది.

తోటలో వాడే రబ్బరుగొట్టంతోనే నీళ్ళు పెట్టారు. పగలూ రాత్రీ ఆపకుండా రెండు రోజులు పట్టింది. మధ్యలో ఆపితే పూత మీద చార పడిపోతుందట. చెల్లెలి అత్తగారు మొదటి నీళ్ళలో ఇంత పసుపూ కుంకుమా వేసి గంగమ్మకి దణ్ణం పెట్టుకుంది. మేస్త్రీ చూసి, పూతకి మరక పడుతుందేమోనని గుండె పట్టుకున్నాడు పాపం. చిటికెడే లెండి, ఏమీ కాలేదు.

తర్వాతది మందు. క్లోరిన్ అంటే మనకి తెలియనిదేం కాదు, పుష్కరాల్లో, వరదల్లో మనం చూసే బ్లీచింగ్ పౌడరు తాలూకుదే. 1908లో అమెరికాలో జెర్సీ సిటీ వూరి మంచినీళ్ళకి వాడి గుణం చూశాక, రెండు మూడేళ్ళకే అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో ఈతకొలనులోనూ వేశారు. ఖాళీ చేసి నింపే బాధ తప్పింది అప్పటినుంచే. పది లక్షల పాళ్ళ నీటికి క్లోరిన్ ఒకటి నుంచి మూడు పాళ్ళు వుంటే చాలు. పైగా ఎండ దాన్ని తినేస్తుంది, అందుకని ఎండకి ఆగే మందు మరొకటి కలుపుతారు. కొత్తనీళ్ళు మూడోరోజున కాస్త మసకగా వుంటే మేస్త్రీ ఓ పొడి చల్లాడు. మర్నాటికి మసకంతా గడ్డకట్టి అడుక్కి దిగింది. డబ్బా తిప్పి చెల్లెలు చదివితే ఏముంది, పటిక! గోదావరి వరదనీళ్ళ బిందెలో మా అమ్మమ్మ తిప్పే పటికే. అది లేకపోతే చిల్లగింజ అరగదీసేది. ఆ మాట చెబితే మేస్త్రీ నవ్వి, మీ అమ్మమ్మకి కూడా లైసెన్సు ఇవ్వాలమ్మా అన్నాడు.

నీళ్ళు పెట్టకముందే చుట్టూ కంచె వేయించారు. గేటు దానంతట అదే మూసుకుంటుంది, గడియ పిల్లలకి అందని ఎత్తులో వుంటుంది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పసివాళ్ళ చావులకి అన్నిటికంటే పెద్ద కారణం నీళ్ళలో మునగడమేనట. వినగానే నాకు మన ఇళ్ళ ముందర మూత సరిగా పడని నీళ్ళ సంపులు గుర్తొచ్చాయి. వచ్చీ రాగానే మా ఇంటి సంపు మూతకి తాళం వేయించాను.

నేను తిరిగొచ్చే ముందు ఆదివారం కొలనులోకి మొదటిసారి పిల్లలు దిగారు. ఆ వీధి పిల్లలు కూడా వచ్చారు. చెల్లెలు పక్కింటావిడని పిలిచి, "మీరెప్పుడు రావాలన్నా రండి, గేటు గడియ ఎక్కడుందో మీకు తెలుసుగా" అంది. ఆవిడ ఓ తువ్వాలు పట్టుకు వచ్చింది. చెప్పులు విడిచి, మెట్టు మీద కూచుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. లోపలికి దిగమంటే తల అడ్డంగా వూపింది. ఈత రాదట. వాళ్ళమ్మ తర్వాత్తర్వాత ఆ మంగళవారాలు మానేసిందట, పిల్లలనీ నీళ్ళ దగ్గరకి పోనివ్వలేదట.

నాకూ రాదు. గోదావరి పక్క వూళ్ళో పుట్టాను, మా అన్నయ్యలిద్దరూ పడవ కంటే ముందు అవతలి గట్టు చేరేవారు. ఆడపిల్లవి నీకెందుకన్నారు. నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూచుని చీర మోకాళ్ళదాకా లాక్కుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. చల్లగా వున్నాయి. అడుగున పాలరాతి పూత మీద ఎండ కదులుతూంటే పిల్లలు కేకలేస్తున్నారు.